స్కోరెంత?

2021 ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్లు దాటినవాళ్లందరికీ కొవిడ్ టీకా వేయడం మొదలుపెట్టారు. నాకప్పుడు 46. వలంటీరు కుర్రాడు రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పి వెళ్లాడు. "ఐపీఎల్ అవనీ బాబూ, జ్వరం వస్తే మ్యాచ్‌లు పోతాయి" అన్నాను. వినడానికి జోకులా ఉంటుంది గానీ, నేను టీకా వేయించుకోకపోవడానికి అంతకు మించిన కారణమేం లేదు.

గుంటూరు బ్రాడీపేటలో మా బావకి మందుల షాపు ఉంది. రాత్రిళ్లు షట్టరు సగం దించి, లోపల చిన్న టీవీ ముందు ఆరుగురం కూర్చునేవాళ్లం. రిటైరైన డ్రిల్ మాస్టారు మాకు స్కోరర్. పక్కనే ఫోన్‌లో అంతా కనిపిస్తున్నా, లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు గీసి బంతి బంతికీ చుక్క పెట్టేవారు. మిగతా అందరం తలో టీముకీ భక్తులం. ఒకే పొట్లంలో పకోడీలు. మాస్కులు గడ్డాల కింద.

మే 3న కోల్‌కతా ఆటగాళ్లు ఇద్దరికి పాజిటివ్ వచ్చి ఆ రోజు మ్యాచ్ వాయిదా పడింది. మర్నాడు మన హైదరాబాద్ జట్టులో సాహాకి, ఢిల్లీ జట్టులో అమిత్ మిశ్రాకి వచ్చింది. టోర్నీ ఆపేశారు. మ్యాచ్ లేకపోయినా షాపులో చేరాం, వాదించుకోవడానికి.

"బయటివాళ్లెవరూ దగ్గరికి రాకుండా అంత బయో బబుల్‌లో ఉన్నవాళ్లకే వచ్చిందంటే, మనకి ఈ మాస్కులెందుకు?" అన్నాను నేను.

"వాళ్లకి మాటిమాటికీ టెస్టులు చేస్తారు కాబట్టి దొరికారు. నిన్నెవరు టెస్టు చేశారయ్యా?" అన్నారు మాస్టారు. అంటూనే దగ్గారు. ఆయన మార్చిలోనే వేయించుకోవాల్సిన సూది, కూతురి పురుడు అయ్యాక చూద్దామని ఆగి, ఏప్రిల్ నెలాఖరున మొదటి డోసు వేయించుకున్నారు. ఆ దగ్గు సూది వల్లేమో అనుకున్నాం.

మరుసటి రోజు నుంచి రాష్ట్రమంతా మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ. ఆ తర్వాతి రోజు నాకు జ్వరం. మా ఆవిడ గోంగూరలో తాలింపు వేస్తుంటే శబ్దం వినిపిస్తోంది గానీ వాసన రావట్లేదు. అప్పుడు భయం వేసింది. టెస్టు రిపోర్టు రావడానికే మూడు రోజులు పట్టింది. బావ షాపులో ఆక్సీమీటర్లు అయిపోతే తన ఇంట్లోది పంపాడు. రక్తంలో ఆక్సిజన్ శాతం 97 ఉన్నది 95కి, తర్వాత 94కి వచ్చింది. మెడిసిన్ చదివి హౌస్ సర్జన్ చేస్తున్న మా మేనకోడలు ఫోన్‌లోనే ఉంది. "మావయ్యా, 94 కన్నా తగ్గితే ఇంట్లో ఉంచకూడదు. ముందు బోర్లా పడుకో" అంది. బోర్లా పడుకుంటే వీపు వైపున్న ఊపిరితిత్తులకి గాలి బాగా అందుతుందట. రాత్రికి 92.

104 హెల్ప్‌లైన్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేశారో నాకు గుర్తులేదు. ఒక ఆసుపత్రిలో మంచం దొరికింది. అప్పట్లో మన క్రికెటర్ హనుమ విహారి ఇంగ్లండ్‌లో కౌంటీ క్రికెట్ ఆడుతూ, అక్కడి నుంచే కొందరు వలంటీర్లని కూడగట్టి ఇక్కడివాళ్లకి మంచాలూ ఆక్సిజనూ వెతికి పెడుతున్నాడు. సిడ్నీ టెస్టులో కాలు పట్టేసినా నిలబడి మ్యాచ్ కాపాడినప్పుడు కూడా అతని మీద అంత గౌరవం కలగలేదు నాకు.

వార్డులో నాలుగు రోజులున్నాను. ఫోన్ చేసిన ప్రతివాడూ మొదట అడిగేది "స్కోరెంత?" అనే. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీటీ స్కాన్ స్కోరు. 25కి 11. "ఫర్లేదు, 15 దాటలేదుగా" అని వాళ్లే ధైర్యం చెప్పేవాళ్లు. పక్క మంచం ఆయనది 18. మూడో రోజు పొద్దున చూస్తే ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు.

అదే రోజు మాస్టారు పోయారని తెలిసింది. ఇంకో ఆసుపత్రిలో. నాకు చెప్పొద్దనుకున్నారట, మా గుంపులో ఆర్‌సీబీ (బెంగళూరు టీము) భక్తుడు నోరు జారాడు. "సూది వేయించుకున్న పది రోజులకే పడిపోయాడు బావా, సూదే చంపింది" అన్నాడు. ఆ మాట మా గుంపంతా నమ్మింది. ఆక్సిజన్ మాస్కు కింద నేనూ నమ్మాను.

మేనకోడలు కోప్పడలేదు. "సూది పడ్డ రోజే రక్షణ రాదు మావయ్యా. ఒళ్లు యాంటీబాడీలు తయారు చేసుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ కొత్త రకం వైరస్‌కి ఒక్క డోసు చాలదు కూడా. తాతగారికి ఆ వారంలోనే ఎక్కడో అంటుకుని ఉంటుంది" అంది. ఎక్కడో అంటే ఎక్కడ? ఆయన పక్కనే కూర్చున్నది నేను. ఆయన నుంచి నాకొచ్చిందో, నా నుంచి ఆయనకి వెళ్లిందో ఇప్పుడు తేల్చేవాళ్లు లేరు.

ఇంటికొచ్చాక స్టెరాయిడ్ల వల్ల షుగరు పెరిగింది, జుట్టు రాలింది, మేడ ఎక్కడానికి రెండుచోట్ల ఆగాల్సి వచ్చేది. తగ్గిన మూడు నెలల దాకా టీకా వద్దన్నారు కాబట్టి ఆగస్టు చివర్లో మొదటి కొవిషీల్డ్, 84 రోజులయ్యాక రెండోది వేయించుకున్నాను.

2022 కనుమ నాడు గారెలూ కోడికూరా తింటుండగా టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్‌ని ఆస్ట్రేలియా నుంచి పంపించేశారని వార్త. డిసెంబరులో కొవిడ్ వచ్చి తగ్గింది కాబట్టి టీకా నుంచి మినహాయింపు ఉందని అతని వాదన. మా ఆర్‌సీబీ భక్తుడు ఊగిపోయాడు. "వచ్చి తగ్గినవాడికి మళ్లీ సూదెందుకు? ఆ ఒళ్లు చూడు, ఉక్కు!"

బావ నవ్వాడు. "అతను ఐదు సెట్లు ఆడతాడు, నువ్వు షట్టరు ఎత్తితేనే ఆయాసపడతావు. అతని లెక్క నీకెందుకురా?"

వచ్చి తగ్గితే ఇమ్యూనిటీ వస్తుంది, నిజమే. నాకూ వచ్చింది. దానికి నేను కట్టిన బిల్లు ఇందాకే చెప్పాను. మాస్టారు ఏం కట్టారో వాడికీ తెలుసు.

ఆ వారంలోనే నాకు మళ్లీ పాజిటివ్. ఒమిక్రాన్ అన్నారు. "చూశావా, రెండు డోసులూ దండగే" అని ఆర్‌సీబీ భక్తుడి ఫోన్. ఈసారి గొంతు మంట, రెండు రోజుల జ్వరం, అంతే. ఆక్సీమీటర్ 97 దిగలేదు. వైరస్ రూపు మారింది, మొదట్లో ఉన్నన్ని యాంటీబాడీలు ఒంట్లో లేవు, అందుకే లోపలికి దూరింది. కానీ పాత శత్రువుని గుర్తుపెట్టుకున్న కణాలు ఊపిరితిత్తుల దాకా పోనివ్వలేదని మేనకోడలు చెప్పింది. "పవర్‌ప్లేలో కొట్టించుకున్నా మిడిల్ ఓవర్లలో కట్టేశాం" అన్నాడు బావ. ఆ పోలికకి పిల్ల ఒప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే వెస్టిండీస్‌లో అండర్-19 ప్రపంచ కప్ ఆడుతున్న మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌కి, కెప్టెన్ యశ్ ధుల్‌కి కూడా పాజిటివ్. ఇద్దరూ రెండు మ్యాచ్‌లు ఆడలేదు. రెండు వారాల తర్వాత, ఫిబ్రవరి 2న ఆస్ట్రేలియాతో సెమీఫైనల్‌కి దిగారు. నేనింకా దగ్గుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం బావ మాస్టారి నోట్‌బుక్ పంపాడు, షాపులోనే ఉండిపోయిందట. చివరి పేజీ మే 3ది. కోల్‌కతా, బెంగళూరు అని రెండు పేర్లు రాసి, గీతలు గీసి ఉంచారు. చుక్క ఒక్కటీ లేదు. నేను పేజీ తిప్పి కొత్తగా గీతలు గీసుకున్నాను. 37కి రెండు వికెట్లు పడ్డాక ధుల్, రషీద్ కలిసి 204 పరుగులు జోడించారు. ధుల్ 110. వెంటనే రషీద్ కూడా ఔట్.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "స్కోరెంత?"

"94" అన్నాను.

గరిటె చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. టీవీ వైపు చూపించి రషీద్‌దని చెప్పాను. విని కూడా, సొరుగులోంచి ఆక్సీమీటర్ తీసి నా వేలికి పెట్టింది.