రెండు బటన్ల మధ్య ఒక రోజు

ముందు హీటర్ పోయింది.

జులై నెల. దక్షిణ ఆస్ట్రేలియాలో చలికాలం. విలియమ్ క్రీక్‌లో డీజిల్ నింపుకుని ఊడ్నడాటా ట్రాక్ మీద ఉత్తరంగా వెళ్తున్నాం, నేనూ మా బావా. వంద కిలోమీటర్లు దాటాక, కాళ్ల దగ్గర వెచ్చగా తగులుతున్న గాలి చల్లబడింది.

"బావా, హీటర్ పాడైనట్టుంది."

"ఎండొచ్చేసిందిగా, ఇప్పుడు హీటర్ ఎందుకురా?"

కాసేపటికి ఇంజిన్ వేడి చూపించే సూది కూడా కిందికి జారింది. చల్లగాలికి ఇంజిన్ హాయిగా నడుస్తోందని సంబరపడ్డాం. ఆ సంబరం రెండు కిలోమీటర్లే. బండి బలం తగ్గింది, తియ్యటి వాసనొకటి లోపలికొచ్చింది, బావ కాలు ఎంత నొక్కినా వేగం లేదు. పక్కకి తీసి ఆపేశాం.

కారు హీటర్‌కి వేడి ఇచ్చేది ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంటే. అది కారిపోతే మొదట చల్లబడేది హీటర్. సూది చూపించేది సెన్సర్‌ని తాకే నీళ్ల వేడిని. తాకడానికి నీళ్లే లేకపోతే అది కిందికి పడిపోవచ్చు. అంటే బండి రెండుసార్లు చెప్పింది, మేమే వినలేదు. అదృష్టం కొద్దీ ఇంజిన్ తనంతట తానే పవర్ తగ్గించుకుంది కాబట్టి ఇంజిన్ పైభాగం, హెడ్, వేడికి వంకరపోకుండా దక్కింది.

ముప్పావుగంట ఆగి, చల్లారాక బానెట్ కింద చూస్తే సంగతి తెలిసింది. రేడియేటర్‌ని ఒకవైపు పట్టి ఉంచే బోల్టు ఊడిపోయింది. ఆ వైపు రేడియేటర్ ఊగి ఊగి, పైన ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర బెత్తెడు పొడుగున చీలింది.

దానికి కారణం కంకర రోడ్డు మీద పడే కారుగేషన్లు. షెడ్డు మీద రేకు పరిచినట్టు రోడ్డు పొడుగునా అడ్డంగా గాడులు. గంటల తరబడి ఆ కంపనంలో బోల్టులు వదులవుతాయి, షాక్ అబ్జార్బర్లు కాగిపోతాయి. అందుకే టైర్లలో గాలి తగ్గించాలంటారు. తారు రోడ్డు మీద 38 పీఎస్‌ఐ ఉంటే కంకర మీద 28 దాకా దించుకుని, వేగం కూడా తగ్గించుకుని పోవాలి. మరీలో నేనీ మాట అన్నాను. (ఊరి పేరే మరీ. బావ ప్రతి బోర్డు దగ్గరా 'మరీ ఇంత దూరమా' అంటూనే ఉన్నాడు.) మళ్లీ తారు వచ్చినప్పుడు నాలుగు టైర్లకీ గాలి ఎవడు కొడతాడని బావ కొట్టిపారేశాడు. గట్టిగా అడగలేదు కాబట్టి అందులో నా వాటా కూడా ఉంది.

చీలిక మీద ఎపాక్సీ ముద్ద పెట్టాం. ఎండాక ఎనిమిది లీటర్ల నీళ్లు పోసి ఇంజిన్ వేశాం. పది నిమిషాలకి వేడెక్కి, లోపల ప్రెషర్ పెరిగి, ముద్ద అప్పడంలా లేచిపోయింది. ఎనిమిది లీటర్లూ ఎర్రమట్టిలో ఇంకిపోయాయి.

అప్పుడు నీళ్ల లెక్క మొదలైంది. బయల్దేరినప్పుడు నలభై తెచ్చాం, ముప్పై మిగిలాయి. మనిషికి రోజుకి పది లీటర్ల లెక్కన రోజున్నర. చలికాలం కాబట్టి సగంతోనూ గడుస్తుంది. రేడియేటర్‌కి ఇంకో చుక్క కూడా పొయ్యకూడదని అక్కడే తేల్చుకున్నాం.

ఇక సాయం అడగాలి. ఎవరిని?

ఫోన్లలో సిగ్నల్ లేదు. అత్యవసర నంబరు 000 సిగ్నల్ లేకపోయినా కలుస్తుందని బావ గట్టి నమ్మకం. మన కంపెనీ టవర్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ ఉంటే కలుస్తుంది, అంతవరకే నిజం. ఏ టవరూ లేని చోట 000 కూడా మామూలు అంకెలే. యూహెచ్ఎఫ్ రేడియోలో 40వ ఛానెల్ పెట్టి పిలిచాను. హైవేల మీద లారీలవాళ్లు వినే ఛానెల్ అది. అయిదు వాట్ల సెట్టు, చదును నేల, మహా అయితే పది పదిహేను కిలోమీటర్లు పోతుంది. బుసబుస తప్ప జవాబు లేదు.

మిగిలినవి రెండు పరికరాలు. ఒకటి అరువు తెచ్చిన పసుప్పచ్చ పీఎల్‌బీ, అంటే పర్సనల్ లొకేటర్ బీకన్. యాంటెన్నా లేపి బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద శాటిలైట్‌కి పోతుంది, అక్కడి నుంచి కాన్‌బెర్రాలోని రెస్క్యూ కేంద్రానికి. హెలికాప్టరో విమానమో కదలొచ్చు. అది మాటలు మోసే పరికరం కాదు. 'ప్రాణం మీదికొచ్చింది' అన్న ఒక్క ముక్కే చెబుతుంది. రెండోది శాటిలైట్ మెసెంజర్. రోజూ రాత్రి అందులో 'క్షేమంగా ఉన్నాం' అనే రెడీమేడ్ సందేశం అక్కకి పంపుతున్నాం. దాని పక్కనే మూతేసిన ఎస్ఓఎస్ బటన్.

మేమేమో ఆ రెండింటికీ మధ్య ఉన్నాం. క్షేమంగా లేం, చావడమూ లేదు. నీళ్లున్నాయి, తిండి ఉంది, ఒంటి మీద గీత పడలేదు. రేడియేటర్ పగిలిందని విమానాన్ని పిలవగలమా? అలాగని ఎవరికీ చెప్పకుండా కూర్చోగలమా? పది నిమిషాలు ఆ రెండు బటన్లనీ చూస్తూ కూర్చున్నాం. ఇద్దరికీ టెన్షన్‌గానే ఉంది, ఒకరికొకరు చెప్పుకోలేదు.

నడిచిపోదాం అన్న మాట ఇద్దరి నోటా రాలేదు. దానికి కారణముంది. విలియమ్ క్రీక్ దగ్గర నుంచి లేక్ ఐర్ ఒడ్డున హాలిగన్ బేకి అరవై కిలోమీటర్లకు పైగా ఓ మట్టిదారి పోతుంది. 1998 డిసెంబరులో ఆస్ట్రియా నుంచి వచ్చిన ఒక జంట బండి అక్కడ ఇసుకలో కూరుకుపోయింది. ఇద్దరూ నడక మొదలుపెట్టారు. అతను మధ్యలో బండి దగ్గరికి తిరిగొచ్చి బతికాడు. ఆమె నడుస్తూనే పోయి, దారిలో ప్రాణాలు విడిచింది. టైర్లలో గాలి తగ్గించుకుని ఉంటే బండి బయటికి వచ్చేదని తర్వాత అన్నారు. ముందు రోజే మేం ఆ మలుపు దాటి వచ్చాం. బండి పెద్దది, పై నుంచి కనబడుతుంది, నీడ ఇస్తుంది. మనిషి కనబడడు.

చివరికి అక్కకి రాయడం మొదలుపెట్టాను. ఒక సందేశానికి 160 అక్షరాలు. అది ఆకాశానికి చేరి, అక్క చూసి, జవాబు తిరిగొచ్చేసరికి ఒక్కోసారి ఇరవై నిమిషాలు. 'బండి ఆగింది, మేం బాగున్నాం, క్లబ్బుకి ఫోన్ చెయ్యి' అని మొదటిది. బావకి ఒక కార్ల క్లబ్బులో సభ్యత్వం ఉంది. బండి ఎక్కడ ఆగినా వచ్చి తీసుకుపోతారని దాని భరోసా.

కాల్ సెంటర్‌లో అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: వీధి పేరేమిటి, దగ్గర్లోని అడ్డవీధి ఏది?

అక్క యథాతథంగా నాకు పంపింది. చుట్టూ చూశాను. దిగంతం దాకా రాళ్ల నేల, పక్కన పట్టాలు పీకేసిన పాత రైలు కట్ట. అడ్డవీధులు లేవు అని రాసి పంపాను. తర్వాత సభ్యత్వం నంబరు. తర్వాత బండి బరువు. తర్వాత ఆటోమేటిక్ గేరా, చక్రాలు తిరుగుతున్నాయా అని. ఈ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఇలాంటి బండిని రెండు చక్రాలు నేల మీద పెట్టి ఈడిస్తే గేర్‌బాక్స్ పోయే ప్రమాదముంది, మొత్తాన్ని మోసే టిల్ట్ ట్రే ట్రక్కే కావాలి. తర్వాత అసలు కబురు: బావది మామూలు సభ్యత్వం. అందులో మోసుకెళ్లే దూరానికి చిన్న పరిమితి ఉంది, మట్టిదారులకి వేరే షరతులున్నాయి. పై రకం తీసుకుని ఉంటే వందల కిలోమీటర్లకి వర్తించేది. ఇప్పుడు వచ్చే ట్రక్కుకి రానూపోనూ దూరం లెక్కగట్టి మేమే కట్టుకోవాలి.

"కార్డు పర్సులో పెట్టుకుని తిరుగుతున్నావు, వెనకేముందో చదవలేదా బావా?"

"నువ్వు చదివావా?"

ఎనిమిది సందేశాలు, మూడు గంటలు. ఎక్కడున్నాం, ఏ బండి, ఏం విరిగింది, కదులుతుందా, ఎంతమందిమి, ఎన్ని నీళ్లున్నాయి, ఏ సభ్యత్వం. ఇవన్నీ మొదటి రెండు సందేశాల్లో పట్టేవి. నేను ఉత్తరం రాసినట్టు రాశాను.

మధ్యాహ్నం రెండు దాటాక దుమ్ము లేచింది. కాంపర్ ట్రైలర్ లాగుతూ ఉత్తరానికి పోతున్న ఒక ముసలి జంట ఆగారు. ఆ దారిలో ఎవరైనా ఆగుతారు. పక్కన బండి కనబడితే వేగం తగ్గించి, అద్దం దించి, అంతా బాగేనా అని అడక్కుండా పోరు. పెద్దాయన ఇంజిన్ చూసి పెదవి విరిచాడు. రేడియేటర్ మూత వదులుగా పెట్టి, ప్రెషర్ పట్టకుండా మెల్లగా పోవచ్చుగానీ ఇంత చీలికకి అది కూడా కుదరదన్నాడు. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా ఒకటి దించాడు. తాగడానికి కాదు, చేతులు కడుక్కోవడానికి అన్నాడు. ఆమె మాత్రం చిన్న పుస్తకం తీసి మా బండి రంగు, నంబరు రాసుకుంది. తర్వాత, ఇక్కడి నుంచి ముందున్న పాత రైలు వంతెన, అల్జెబకీనా, ఎంత దూరమో తమ ట్రిప్ మీటర్‌లో చూస్తామనీ, ఊడ్నడాటాలో గులాబీ రంగు రోడ్‌హౌస్‌లో చెబుతామనీ అంది. మేం మొహమాటంగా థాంక్స్ చెప్పాం. జీపీఎస్ అంకెలు పంపేశాక ఇక ట్రిప్ మీటరెందుకని లోపల అనుకున్నాను కూడా.

సాయంత్రానికి కబురొచ్చింది: రేపు మధ్యాహ్నంలోగా ఊడ్నడాటా నుంచి ట్రక్కు.

రాత్రి చలి ఎముకల్లోకి దిగింది. కూలెంట్ లేని ఇంజిన్‌తో హీటర్ మాటే లేదు. స్లీపింగ్ బ్యాగుల్లో దూరి రైలు కట్ట వైపు చూస్తూ పడుకున్నాం. ఒంటెల మీద సరుకు మోసిన 'అఫ్ఘాన్ల' పేరు మీదనే ఆ రైలుకి ఘాన్ అని పేరొచ్చిందంటారు. 1980లో ఈ దారిన నడవడం మానేసింది. దానికీ ముందు, 1872లో, ఇటు మీదుగానే అడిలైడ్ నుంచి డార్విన్‌కి టెలిగ్రాఫ్ తీగ పూర్తయింది. ఆ తీగ కింద దారితప్పి నీళ్లకి అల్లాడే మనిషికి ఓ ఉపాయం ఉండేదని చెబుతారు: స్తంభమెక్కి తీగ తెంపెయ్యడం. ఎక్కడో స్టేషన్‌లో టకటకలు ఆగిపోతాయి. తెగిన చోటు వెతుక్కుంటూ లైన్‌మన్ వస్తాడు, నీళ్లతో సహా.

"మనకన్నా వాడే నయం రా," అన్నాడు బావ చీకట్లోంచి. "అడ్డవీధి ఏదని వాణ్ని ఎవడూ అడగలేదు."

మర్నాడు పదకొండున్నరకి ట్రక్కు వచ్చింది. డ్రైవరు దిగి, మా చేతుల్లో రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి కాల్ సెంటర్ నుంచి వచ్చిన ప్రింటు, మేమున్న చోటుకి గుర్తుతో. ఆ గుర్తు ట్రాక్ మీద లేనే లేదు. దాదాపు 35 కిలోమీటర్లు పడమరగా, పశువుల మేత బీడు మధ్యలో ఉంది.

తప్పు నాదే. బావ జీపీఎస్ డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తుంది. 135 డిగ్రీల 54 నిమిషాలని చూసి, అక్షరాలు కలిసొస్తాయని '135.54' అని టైప్ చేశాను. డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి 54 నిమిషాలంటే పాయింట్ తొమ్మిది. మెసెంజర్ తనంతట తానే మ్యాప్ లింకు కూడా పంపింది. కానీ ఫోన్‌లో లింకు చదివి వినిపించలేరు కదా. అక్క నేను రాసిన అంకెలే చదివింది.

రెండో కాగితం చిన్న పుస్తకంలోంచి చింపింది. బండి రంగు, నంబరు, ఇద్దరు మనుషులు, నీళ్లున్నాయి, వంతెన నుంచి దక్షిణంగా 31.

"ఏది నమ్మావ్?" అని అడిగాను. డ్రైవరు ట్రే దించే మీట మీద చెయ్యి వేసి, అక్కడికి దారి ఉంటేగా మీరు పోవడానికి, అన్నాడు.

ఊడ్నడాటాలో నాలుగు రోజులున్నాం, అడిలైడ్ నుంచి రేడియేటర్ వచ్చేదాకా. ఊరు చూడ్డానికి గంట చాలు. 1960 జనవరి 2న ఇక్కడ నీడలోనే 50.7 డిగ్రీలు నమోదైంది. మేం జులైలో బండి పాడు చేసుకున్నందుకు సంతోషపడ్డాం. రోడ్‌హౌస్‌లో ఆ ముసలి జంట కోసం అడిగితే, చీటీ ఇచ్చి అదే సాయంత్రం మార్లా వైపు వెళ్లిపోయారన్నారు. వాళ్ల పేర్లు కూడా మేం అడగలేదు.

అయిదో రోజు పొద్దున, ఊరి చివర, బావ నేను చెప్పకముందే బండి ఆపి దిగాడు. నాలుగు టైర్లూ 28కి దించాడు. ప్రతి టైరు దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, గేజి రెండేసి సార్లు చూసి.

మార్లా ఇంకో ఎనభై ఉందనగా, ఒక తెల్ల బండి దారి పక్కన బానెట్ ఎత్తి ఉంది. ఆపి అద్దం దించాం. ఏమీ లేదు, ఇంజిన్ ఆయిల్ చూసుకుంటున్నాం అన్నారు వాళ్లు నవ్వుతూ. సరేనని కదిలాం.

కొంచెం దూరం పోయాక బావ, "ట్రిప్ మీటర్ ఎంతుందిరా?" అన్నాడు. చెప్పాను. "ఆ బండి నంబరు చూశావా?"

అప్పటికే అరచేతిలో రాసుకుంటున్నాను.