బాబ్‌క్యాట్ కెమెరా: మళ్లీ తోకే పడింది

మళ్లీ తోకే! రాత్రి 8:40కి బాబ్‌క్యాట్ (పొట్టి తోక ఉండే అమెరికా అడవి పిల్లి) దర్జాగా దారి దాటింది. జంతువు కదిలితే దానంతటదే తీసే నా కెమెరాకు చిక్కింది వెనక కాళ్లు, జానెడు లేని ఆ తోక. పైన నల్ల పట్టీ, కింద తెలుపు ఎంత స్పష్టంగా ఉన్నాయో! ముఖం మాత్రం లేదు.

చోటు పాతదే, కాలిఫోర్నియాలో శాన్ హోసేకి దక్షిణాన మోర్గన్ హిల్ కొండల్లో స్నేహితుడి స్థలం. జింకలు, రకూన్లు బాగానే పడ్డాయి.

ఇక కొలతలు. కెమెరా ఎత్తు 45 సెం.మీ., దారికి దూరం 2.5 మీటర్లు. 55 డిగ్రీల లెన్స్‌కి అక్కడ ఫ్రేము వెడల్పు 2.6 మీటర్లు. పిల్లి సెకనుకు మీటరు నడుస్తుందనుకుందాం. వీడియో మొదలవడానికి సెకనున్నర పడుతోంది, ఈలోపు అది సగం ఫ్రేము దాటేస్తుంది. సరేనని 3.5 మీటర్లకు జరిపి, దారికి 45 డిగ్రీలు తిప్పాను. అయినా తోకే. అర సెకనులోపే క్లిక్‌మనే ఫొటో మోడ్ పెట్టాను. తోకే. ఎనెలూప్‌లు (రీచార్జ్ చేసుకునే బ్యాటరీలు) తీసి లిథియం బ్యాటరీలు వేశాను. రాత్రి ఫ్లాష్‌కి లిథియమే మేలు, తోక ఇంకా బాగా కనబడుతోంది!

తెల్లవారుజామున నాలుగైదు గంటలప్పుడు మాత్రం అదే కెమెరాలో పిల్లి పూర్తిగా పడుతోంది, చెవుల వెనక తెల్ల మచ్చలతో సహా. తప్పిపోతున్నవన్నీ రాత్రి పదిలోపువే. నా అనుమానం నేల వేడి మీద. కెమెరాని మేలుకొలిపే పీఐఆర్ (వేడిని పసిగట్టే) సెన్సర్ పట్టేది కదిలే వస్తువుకీ వెనకున్న నేలకీ మధ్య వేడి తేడాని. సెప్టెంబర్ ఎండకు కాగిన మట్టి చీకటి పడ్డాక కూడా వెచ్చగానే ఉంటోంది. దట్టమైన బొచ్చేమో ఒంటి వేడిని బయటికి రానివ్వదు. తేడా చాలక సెన్సర్ ఆలస్యంగా మేలుకుంటోందేమో. కానీ అదే వేళకి వచ్చే బూడిద నక్క నిండుగా పడుతోందే! నక్క ఆగి ఆగి వాసన చూస్తూ పోతుంది, పిల్లి ఆగదు. అదే కారణమా?

పిల్లి ఆగేలా క్యాట్‌నిప్ (పిల్లులకు ఇష్టమైన వాసన ఉండే ఆకు), అత్తరు చల్లమంటున్నారు కొందరు. నాకిష్టం లేదు. దాని దారిన అది పోతుంటే పడే ఫొటోయే కావాలి.

గోఫర్లకు (నేలలో బొరియలు తవ్వే ఎలుకల్లాంటి జంతువులు) మందు పెట్టొద్దని స్నేహితుణ్ణి ఒప్పించాను. అలాంటి విషం, దాన్ని తిన్న ఎలుకల ద్వారా, పిల్లుల ఒంట్లోకి చేరుతుంది. లాస్ ఏంజెలెస్ దగ్గరి సాంటా మోనికా కొండల్లో గజ్జి పట్టి చచ్చిన బాబ్‌క్యాట్లలో అది బయటపడింది.

ఫైర్ రోడ్డు (మంటలార్పే బళ్ల కోసం వేసిన మట్టి బాట) మలుపులో వెనక కాళ్లతో మట్టి గీరిన చోటు దొరికింది. పక్కనే గోరు గుర్తుల్లేని అయిదు సెం.మీ. అడుగు. హద్దు గుర్తు పెట్టాలంటే అక్కడ ఆగక తప్పదు కాబట్టి రెండో కెమెరా దానికే. ఫిబ్రవరి, మార్చిలో జత కట్టే కాలం, మగవి తెగ తిరుగుతాయి, అప్పటికి చోటు ఖాయం చేసుకోవాలి. పిల్లలు పుట్టే రాతి సందుల జోలికి మాత్రం పోను.

పాత కెమెరాని కదపను. నవంబర్‌లో నేల చల్లబడ్డాక అవే కొలతలతో చూడాలి. అప్పుడూ తోకే వస్తే వేడి లెక్క తప్పన్నట్టే, ఇక ట్రిగ్గర్ వేగం కోసం రికోనిక్స్ కంపెనీ కెమెరా కొనాల్సిందే. దాని ధర ఇంట్లో ఎలా చెప్పాలన్నదే టెన్షన్.