బాబాయి మాట

పడుకుందామంటే బాబాయి అన్న మాటే చెవిలో తిరుగుతోంది. భోజనాల దగ్గర డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డిగారి ప్రస్తావన వచ్చింది. "ఎయిమ్స్‌లో గుండె విభాగానికి హెడ్‌గా ఉన్నాయన అది వదిలేసి ఉప్పు తగ్గించండి, సిగరెట్ మానండి అని చెప్పుకుంటూ తిరగడమేంటి? ఆ మాట ఆశా వర్కరూ చెబుతుందిగా!" అన్నాడు బాబాయి. అత్తయ్య నవ్వారు. అందరూ తలూపారు. నాకు ముద్ద దిగలేదు.

స్టెంట్ వేసిన డాక్టరుగారంటే బాబాయికి దేవుడే. మంచిదే. కానీ స్టెంట్ అవసరం రాకుండా చూడాలని పాటుపడేవాళ్లంటే ఎందుకంత చులకన? శ్రీనాథ్ రెడ్డిగారు ఉస్మానియాలో ఎంబీబీఎస్, ఎయిమ్స్‌లో కార్డియాలజీ చదివారు. అక్కడితో ఆగకుండా కెనడా వెళ్లి మెక్‌మాస్టర్‌లో ఎపిడెమియాలజీ చదివారు. వార్డుకొచ్చిన రోగిని చూడటమే కాదు, ఇంతమంది ఆ వార్డు దాకా ఎందుకొస్తున్నారో తెలుసుకునే చదువది. 2006లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా మొదలైతే దానికి తొలి అధ్యక్షుడయ్యారు. రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా ఇంట్లో ఆవకాయ, అప్పడం, మజ్జిగలో మళ్లీ ఉప్పు. ఎవరు లెక్క చూస్తారు?

నా చిన్నప్పుడు ఖమ్మం బస్సు ఎక్కామంటే ముందు సీట్లో సిగరెట్, వెనక సీట్లో చుట్ట. అమ్మ కొంగు నా ముక్కుకి అడ్డం పెట్టేది. కండక్టర్‌కి చెబితే "కిటికీ తీసుకోమ్మా" అనేవాడు. తీస్తే వానజల్లు, మూస్తే పొగ. దిగేసరికి నా జడ కూడా అదే వాసన కొట్టేది. కాల్చేవాళ్లని ఏమైనా అనాలంటే అమ్మకి భయం, చుట్టూ మగవాళ్లే. పిన్ని ఒకసారి అనబోతే "కారు కొనుక్కోండి" అన్నాడొకాయన. 2003లో పొగాకు చట్టం వచ్చింది. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదన్న కొత్త నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమలయ్యాయి. అదంతా ఒక్కరి వల్ల జరిగింది కాదు. కానీ పొగాకుని కట్టడి చేయాలని ఏళ్ల తరబడి పట్టుబట్టిన డాక్టర్లలో శ్రీనాథ్ రెడ్డిగారొకరు. ఇప్పుడు చిన్నది బస్సులో హాయిగా నిద్రపోతుంది. దానికి ఆ పొగ సంగతే తెలీదు.

ఇంతవరకూ రాశాక పెదనాన్న గుర్తొచ్చాడు. ఆ రాత్రి ఊళ్లో నొప్పి వచ్చినప్పుడు మాకు కావలసింది గుండె డాక్టరే. టౌన్ చేరేలోపే అయిపోయింది. బాబాయి పక్కనే ఉన్నాడు. చేతిలో వైద్యం ఉన్న మనిషి ఇంకో పనికి వెళ్లిపోతే బాబాయికి బాధే కలుగుతుంది. ఆ మాట అక్కడి నుంచి వచ్చిందేమో. కోపం సగం దిగిపోయింది.

కానీ పెదనాన్నకి బీపీ ఎన్నేళ్ల నుంచో ఉంది. మాత్రలు కొన్నాళ్లు వేసుకుని, ఒంట్లో బాగానే ఉందని మానేశాడు. ఊళ్లో మళ్లీ బీపీ చూసినవాళ్లు లేరు. 2011లో శ్రీనాథ్ రెడ్డిగారి అధ్యక్షతన నిపుణుల బృందం ప్రణాళికా సంఘానికి చెప్పింది సరిగ్గా ఈ సంగతులే: ఆరోగ్యం మీద ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి పెంచాలి, అవసరమైన మందులు ఉచితంగా ఇవ్వాలి, ప్రాథమిక వైద్యం బలపడాలి. అది పెదనాన్న లాంటివాళ్ల కోసం కాకపోతే ఎవరి కోసం?

అత్తయ్య కూడా ఈమధ్య మాత్ర మానేశారట, "తగ్గిందిగా" అంటున్నారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే తగ్గింది. రేపు బస్తీ దవాఖానాకి తీసుకెళ్లి బీపీ చూపిస్తాను, రానంటే మా ఆయన చేత చెప్పిస్తాను.