బట్టల మూటలు వద్దన్నందుకు

2023 ఫిబ్రవరి 6న టర్కీలో భూకంపం వచ్చేసరికి దుబాయ్‌లో టైమ్ తెల్లవారుజామున ఐదుంబావు. నైట్ డ్యూటీ దిగి బస్సెక్కానో లేదో సూపర్‌వైజర్ ఫోన్, వెనక్కి రమ్మని. సహాయ సంస్థల గోడౌన్లన్నీ ఒకచోట చేర్చిన ఇంటర్నేషనల్ హ్యుమానిటేరియన్ సిటీ ఉండబట్టే ఇక్కడ మాకీ పని. టెంట్లు, దుప్పట్లు, టార్పాలిన్లు... ఎక్కడో రాబోయే కష్టానికి ముందే కొనిపెట్టిన సరుకు.

నాది కాగితాల పని. గుమాస్తాగిరీ అనుకుంటారు గానీ, ఆ వారం నేను ప్యాకింగ్ లిస్టులో 480 దుప్పట్లకు 408 అని కొట్టినందుకు ప్యాలెట్ల మీద ప్లాస్టిక్ చుట్టంతా విప్పి మళ్ళీ లెక్కపెట్టారు. నాలుగ్గంటలు పోయాయి.

విమానం దొరికితే చాలదు, దిగడానికి చోటుండాలి. హతాయ్‌లో రన్‌వే చీలింది, ఇస్కెందెరున్ రేవులో కంటైనర్లు తగలబడ్డాయి, మన విపత్తు సహాయ దళం ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు కూడా హతాయ్ పక్కనున్న అదానాలోనే దిగారు. ఇక సిరియా వాయవ్యానికి టర్కీ నుంచి ఐక్యరాజ్యసమితి లారీలు పోవడానికి అప్పటికి అనుమతి ఉన్న సరిహద్దు దారి బాబ్ అల్ హవా ఒక్కటే. మొదటి ఆరు లారీలు దాటింది 9న, అదీ భూకంపానికి ముందే సర్దిన సరుకు! ఇంకో రెండు దారులకు సిరియా ప్రభుత్వం 13న గానీ ఒప్పుకోలేదు. శిథిలాల కింద ఉన్నవాడు అన్నాళ్ళు ఆగుతాడా?

ఆ ఆదివారం మా జగిత్యాల అన్న పద్నాలుగు మూటల పాత బట్టలు పోగేసి తెచ్చాడు. "నువ్వున్నవ్ గదా తమ్మీ, ఎక్కించు." వద్దన్నాను. "గోడౌన్ ఏమన్న మీ అయ్య జాగీరా?" అన్నాడు. అవి ఏరి, సైజులు విడదీయడానికి అక్కడ మనుషులేరి అన్నా, ఈ మూటలెక్కితే ఆ మేరకు టెంట్లు దిగిపోతాయన్నా వినడే!

మాది అవనిగడ్డ దగ్గర. 1977 నవంబరు ఉప్పెన తర్వాత లారీ మీంచి విసిరిన బట్టల్లో మా నాయనమ్మకు దొరికింది ఒక ప్యాంటు. తొడిగేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. కాళ్ళు కోసేసి, అడుగు కుట్టి బియ్యం సంచి చేసింది. నా చిన్నప్పుడు కూడా ఆ సంచి ఉండేది, జేబులతో సహా.

అదంతా చెప్పాను. నవ్వలేదు. మూటలు తిరిగి బండికెత్తుకుని పోయాడు. రాత్రి పదింటికి ఫోన్ చేశాడు, "మరేం పంపాలె, చెప్పు."

"డబ్బులన్నా."

"అవే ఉంటే బట్టలెందుకు తెస్తం తమ్మీ?"