హెప్బర్న్ గాలిమరలో నా వాటా

మాది అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి ప్రాంతం. హైస్కూలు రోజుల నుంచీ కొండల మీద గాలిమరలు తిరుగుతుంటే చూస్తూనే ఉన్నాను గానీ, అవన్నీ కంపెనీల సొత్తు కాబట్టి వాటిలో ఊరివాళ్లకు వాటా ఉండవచ్చన్న ఊహ నాకెన్నడూ రాలేదు. ఆ ఊహ 2010లో, మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు వచ్చింది. నగరానికి వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన, లియోనార్డ్స్ హిల్ అనే గుట్ట మీద, బంగాళాదుంపలు పండించే ఒక రైతు పొలంలో రెండు గాలిమరలు నిలబెట్టడానికి అక్కడి జనం 2007లోనే హెప్బర్న్ విండ్ అనే సహకార సంఘం పెట్టుకున్నారని, వాటాలు ఇంకా ఇస్తున్నారని సహోద్యోగి ఒకాయన చెప్పారు.

దరఖాస్తు నింపడానికి పావుగంట కూడా పట్టలేదు. దానితోపాటు వచ్చిన వివరణ పత్రం చదవడానికి మాత్రం రెండు వారాంతాలు పట్టింది, ఆ శ్రమకు నేను ఈనాటికీ సంతోషిస్తున్నాను. లాభాంశానికి హామీ లేదని, రాబడి గాలి మీదా కరెంటు ధర మీదా ఆధారపడుతుందని అందులో దాపరికం లేకుండా రాశారు. ఈ వాటాలు స్టాక్ మార్కెట్లో అమ్ముకునేవి కావు. మరొకరికి బదిలీ చేయాలంటే పాలకవర్గం ఒప్పుకోవాలి. డబ్బు కట్టి ఊరుకుంటే సరిపోదు, సహకార చట్టం ప్రకారం క్రియాశీల సభ్యుడిగా కొనసాగాలి. స్థానికులకు కనీస పెట్టుబడి తక్కువగా, నాలాంటి బయటివారికి ఎక్కువగా పెట్టారు. గాలిమర చప్పుడు వినేది, నీడ పడేది వాళ్ల ఇళ్ల మీదే కాబట్టి అది న్యాయమేనని నాకు అనిపించింది.

సంతకం చేసే ముందు మా నాన్నగారికి ఫోన్ చేశాను. ఊరి పరపతి సంఘంలో డైరెక్టరుగా చేసిన మనిషి కాబట్టి వడ్డీ ఎంత ఇస్తారని అడుగుతారనుకున్నాను. ఆయన అడిగింది వేరు: "సర్వసభ్య సమావేశానికి నోటీసు పంపుతారా? ఓటు మనిషికా, వాటాకా?" మనిషికి ఒకటే ఓటని, ఎంత సొమ్ము పెట్టినా అంతేనని చెప్పాను. "అయితే కట్టు నాయనా" అన్నారు.

2011 జూన్‌లో మరలు తిరగడం మొదలైంది. ఒక్కొక్కటి 2.05 మెగావాట్లు, రెక్కల చక్రం అడ్డకొలత 82 మీటర్లు; ఒకదానికి గేల్, మరొకదానికి గస్టో అని పేర్లు. దాదాపు 2,000 మంది సభ్యుల సొమ్ముతో నిలిచిన ఆ స్తంభాన్ని తాకి చూసినప్పుడు, లోపలి నుంచి వచ్చే సన్నని అదురు అరచేతికి తెలిసింది.

తొలి సమావేశం నోటీసు అందిన రోజు రాత్రి దానిలోని అంశాలన్నీ ఒక్కొక్కటిగా తెలుగులో చెబుతూ నాన్నగారికి ఫోన్లో చదివి వినిపించాను.