ఇంటర్వ్యూ పోయిన రోజు సాయంత్రమే చేయాల్సిన పని

"మళ్లీ ఫోన్ చేస్తాం" అని పంపేశారు. మనసు బాగుండదు, నిజమే. అయినా చెన్నైలో నెల్లూరు రైలెక్కి కూర్చోగానే నోట్‌బుక్ తీయండి. అడిగిన ప్రశ్నలన్నీ వరసగా రాయండి, తెల్లారితే సగం గుర్తుండవు. పక్కనే మీరు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాయాలి. చెప్పి ఉండాల్సిన జవాబు రాసుకుంటే తప్పు ఎక్కడుందో కనపడదు.

ఇప్పుడు ఒక్కో ప్రశ్న చూడండి. జవాబు తెలియలేదా? తెలిసీ చెప్పలేకపోయారా? తెలియకపోతే చదవాలి. తెలిసీ నోరు పెగలకపోతే ఎంత చదివినా లాభం లేదు, పైకి చెప్పి అలవాటు చేసుకోవాల్సిందే. ఎక్కువమంది ఇక్కడే పొరబడి మళ్లీ పుస్తకం పట్టుకుంటారు.

మన తీరంలో రొయ్యల చెరువుల టెక్నీషియన్ ఉద్యోగమే తీసుకోండి. "చెరువులో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుంది?" అని అడిగారు. "రాత్రిపూట సార్" అని ఆగిపోతే బట్టీ పట్టినట్టే ఉంటుంది. ఇలా చెప్పి చూడండి: "తెల్లవారుజామున బాగా తగ్గుతుంది సార్. చీకట్లో నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, పైగా వాడుకుంటుంది. రొయ్యలూ, అడుగున కుళ్లే మేతా కూడా లాగేస్తాయి. అందుకే ఆ వేళ ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆపకూడదు. ఆక్సిజన్‌ను 4 పీపీఎం (లీటరు నీటికి 4 మిల్లీగ్రాములు) కంటే తగ్గనివ్వను. రొయ్యలు పైకి తేలితే ముందు మేత ఆపేస్తాను." జవాబు, కారణం, మీరు చేసే పని, మూడూ అర నిమిషంలో వచ్చేశాయి. ఏ ఉద్యోగానికైనా ఈ వరస పనికొస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఎక్కడ నసుగుతున్నారో మీకే తెలుస్తుంది.

"మీ గురించి చెప్పండి" అంటే నాన్న పేరు, ఊరి పేరుతో మొదలుపెట్టొద్దు. చేసిన పనితో మొదలుపెట్టి 90 సెకన్లలో ముగించండి.

మర్నాడు హెచ్చార్‌కు రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. "నన్నెందుకు తీసుకోలేదు" అని అడిగితే ఎవరూ బదులివ్వరు. "మళ్లీ అప్లై చేసేలోగా ఏ ఒక్క విషయం మెరుగుపరుచుకోవాలి?" అనండి. జవాబు రాకపోతే వదిలేయండి. ఒక్కోసారి ఆ పోస్టు లోపలివాళ్లకే ఇచ్చి ఉంటారు, అందులో మీ తప్పేమీ లేదు.

ఇంకొకటి. చెన్నైలో ఉదయం 10 గంటల ఇంటర్వ్యూకి నెల్లూరు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్ రైలును నమ్ముకోవద్దు, అది చేరేసరికే మధ్యాహ్నమవుతుంది. ముందురోజు సాయంత్రమే బయల్దేరండి. ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులు 2 సెట్లు బ్యాగులో ఉండాలి.