ప్లగ్గు కంటి ముందర ఉండాల

మొన్న ధర్మవరం నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసినాడు. కొత్తగా మటన్ అంగడి పెడ్తాండాడు, కైమా మిషన్ ఎన్ని హెచ్‌పీది తీసుకోవాల, ఎముకలు కోసే మిషన్ ఇప్పుడే తీసుకోనా రోంత నిలదొక్కుకున్నాక తీసుకోనా అని అన్నీ అడిగినాడు గానీ వాటిని కడిగేదెట్లా అని ఒక్క మాట అడగలేదు. నేనే చెప్పబోతే "అదేముంది బావా, పైపుతో నీళ్ళు కొడితే సరిపాయె" అన్నాడు. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు, అందుకే ఈ పొద్దు కూర్చోని రాస్తాండా, వాని కోసం, వాని మాదిరే అనుకునే ఇంకా చానామంది కోసం.

మాది అనంతపురం పాతూరు. నాయన కాలంలో అంగట్లో ఉండేటివి చింతమొద్దు, నాలుగు కత్తులు, ఒక సానరాయి, అంతే. రాత్రి అంగడి కట్టేసే ముందర నాయన మొద్దును గీకి, వేడినీళ్ళు పోసి బ్రష్షుతో రుద్ది, పైన పిడికెడు పిడికెడు కల్లుప్పు పరిచేవాడు. తెల్లారి ఆ ఉప్పు తడిసి ఎర్రగా ఉండేది, మొద్దు మాత్రం వాసన లేకుండా ఆరిపోయి ఉండేది. చానా ఏండ్ల తర్వాత నేను ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించుకునేటప్పుడు 2011 రూల్సు చదివితే, షెడ్యూల్ 4లో మాంసం అంగళ్ళకు రాసిన దాంట్లో అదే ఉంది, మొద్దును రోజూ వేడినీళ్ళతో కడిగి పైన ఉప్పు కప్పాలని. నాయనకు ఆ రూలు చదివి వినిపించినా. ఏమీ అనలేదు, నవ్వినాడు.

మొద్దు కరవదు, మిషన్ కరుస్తాది. నాలుగేండ్ల కిందట ఉగాది మర్నాడు, ఆ రోజు మా తావ మటన్ అంగళ్ళ ముందర జనం ఎట్లుంటారో ఈ పక్క వాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెల్లారుజాము నాలుగు నుంచి నిలబడిన కాళ్ళు నిలబడినట్టే ఉన్నాయి. ఒంటిగంటప్పుడు కరెంటు పోయింది. మా చిన్నాయన కొడుకు, ఎట్లా కరెంటు లేదు కదా ఈ సందులో కైమా మిషన్ కడిగేద్దామని, మాంసాన్ని ముందుకు తోసే స్క్రూకు చుట్టుకున్న నరాన్ని లాగడానికి పై నుంచి గొంతులో వేళ్ళు పెట్టినాడు. స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఎవరికీ గుర్తు లేదు. కరెంటు వచ్చింది.

స్విచ్ కొట్టేలోపల రెండు వేళ్ళు ఇరుక్కున్యాయి. నేను చెయ్యి పట్టుకోని లాగబోయినా, పక్క వెల్డింగ్ షాపాయన "లాగొద్దప్పా, తల విప్పు" అని అరిచి, ప్లగ్గు పీకి, మోటారుకు తలను, అదే స్క్రూ లోపల తిరిగే ఇనుప గొట్టాన్ని, బిగించే బోల్టు వదులు చేసి, చేతితో సహా ఆ ఇనుప తలను తీసి గుడ్డ చుట్టి ఆటో ఎక్కించినాడు. ఆ తలను ఆసుపత్రిలో డాక్టరు ముందరే విప్పినారు. నడిమి వేలు దక్కింది, చూపుడువేలు కొస పోయింది. లాగుంటే రెండూ పోయేటివని డాక్టరు అన్నాడు.

అప్పట్నుంచి మా అంగట్లో మొదటి పని స్విచ్ ఆపేది కాదు, ప్లగ్గు పీకేది. పీకిన ప్లగ్గు కడిగే మనిషి కంటి ముందర, పొడి తావున ఉండాల. ఆగిన మిషన్ వేరు, కరెంటు తెగిన మిషన్ వేరు. మా రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్ పెట్టుకుంటారు కదా, కరెంటు రాగానే దానంతట అదే ఆడాలని, మనకు కావాల్సింది దానికి సరిగ్గా తలకిందులు, కరెంటు పోయి వస్తే మల్ల పచ్చ బటన్ నొక్కితే గానీ తిరగని స్విచ్. కొనేటప్పుడే అడిగి పెట్టించుకోండి. తడి నేల మీద పని కాబట్టి ఎర్తింగు, కరెంటు లీకయితే వెంటనే తెంపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ కూడా.

ఇంగ కడిగే సంగతి. మటన్ ముక్క అయితే క్రిములు ఉన్నా పై పైనే ఉంటాయి, ఉడికితే చస్తాయి. కైమాలో అట్ల కాదు, పైన ఉండేది అంతా లోపలికి కలిసిపోతాది. పైగా 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్యలో అవి పెరుగుతానే ఉంటాయి, అనుకూలంగా ఉంటే కొన్ని 20 నిమిషాలకే రెండింతలు అవుతాయి, మన ఎండాకాలం 40 దాటిన పొద్దు స్క్రూ లోపల మిగిలిన గోలీ అంత కైమా సాయంత్రానికి ఏమైతాదో ఆలోచించండి. అందుకని పని అయిపోయిన వెంటనే విప్పాల, అన్నం తినొచ్చి విప్పేది కాదు. ముందర బిగించే రింగు, కైమా బయటికొచ్చే బొక్కల జాలీ, బ్లేడు, స్క్రూ, చివరికి తల, ఈ వరసలో.

ముందు గోరువెచ్చని నీళ్ళు. మసిలే నీళ్ళు ముందే పోస్తే నెత్తురు ఉడికి ఇనుముకు అతుక్కుంటాది, చన్నీళ్ళయితే గొర్రె కొవ్వు మైనం మాదిరి గడ్డకట్టి కదల్దు. నెత్తురు పోయినాక సబ్బునీళ్ళు బాగా వేడిగా, గ్లౌజు వేసుకున్న చేయి ఓర్చుకునేంత. జాలీ బొక్కలకు సన్న బ్రష్షు. సబ్బంతా పోయేటట్టు కడిగినాక హైపో, అంటే క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ నీళ్ళు, 4 శాతందయితే లీటరు నీళ్ళకు 5 మి.లీ., రెండు మూడు నిమిషాలు ఉంచి మంచినీళ్ళతో కడిగి గాలికి ఆరబెట్టాల. గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డలో ఉండే కంపంతా మల్ల అంటుకుంటాది.

మన బోరు నీళ్ళతో ఒక తలనొప్పి ఉంది, సబ్బు నురగ రాదు, స్టీలు మీద తెల్లగా పొర కడ్తాది. దానికి కొంతమంది బాత్రూం యాసిడ్ పోస్తారు. వద్దు. స్టీలు గుంటలు పడ్తాది, అన్నిటికంటే ఘోరం, అదే బకెట్లో హైపో ఉంటే క్లోరిన్ గ్యాస్ లేస్తాది, చిన్న గదిలో ఊపిరి ఆడదు. వెనిగర్‌తో రుద్దండి చాలు, అది కూడా హైపో వాడని వేళలో, బాగా నీళ్ళు పోసి కడిగినాకనే.

ఇంకో మాట, నురగ బకెట్లో కత్తులు, బ్లేడ్లు వేసి వదలొద్దు. వేసినోనికి తెలుసు, చేయి పెట్టేటోనికి తెలీదు.

బిగించేటప్పుడు బ్లేడు చదును పక్క జాలీ వైపు ఉండాల. బ్లేడూ జాలీ మొగుడూ పెళ్ళాం మాదిరి, ఒక జతగా అరిగినవి ఒక జతగానే ఉండాల, ఒకదానిది తెచ్చి ఇంకోదానికి వేస్తే కైమా తెగదు, గుజ్జు గుజ్జుగా తెల్లగా కొవ్వు పూసినట్టు వస్తాది. అట్ల వస్తే సాన పట్టే టైం వచ్చిందని. ఉత్తగా మాంసం లేకుండా తిప్పొద్దు, రెండూ రాసుకోని వేడెక్కి పాడైతాయి.

ఎముకలు కోసే మిషన్‌లో బ్లేడు పట్టీ మాదిరి పైనొకటి కిందొకటి ఉండే చక్రాల మీద తిరుగుతాది, కంపు పుట్టేది కింది చక్రం దగ్గర. ఎముక పొడి, నెత్తురు కలిసి ముద్ద కట్టి ఉంటాది అక్కడ, పైన ఎంత మెరిసినా డోరు తీస్తే ముక్కు మూసుకోవాల. ప్లగ్గు పీకినాక ముందు బ్లేడు బిగువు (టెన్షన్) వదులు చేయాల, తర్వాతే బ్లేడు తీయాల, లేకుంటే స్ప్రింగు మాదిరి మొహం మీదికి ఎగురుతాది. మందం గ్లౌజులు వేసుకోండి. చైన్ గ్లౌజు కత్తి పనికి మంచిది గానీ తిరిగే బ్లేడు దగ్గర మాత్రం వేసుకోవద్దు, పళ్ళకు తగులుకోని చేతినే లాక్కుంటాది, ఉంగరమూ కడియమూ అంతే. మల్ల ఎక్కించేటప్పుడు పళ్ళు కిందికి చూడాల. మోటారు మీద పైపుతో నీళ్ళు కొట్టొద్దు, బ్రష్షు, బకెట్టు చాలు.

ఇప్పుడు మా అంగట్లో మిషన్లు కడిగేది ఆ వేలు కొస పోయిన తమ్ముడే. వద్దన్నా వినడు. కొత్తగా చేరిన పిల్లోడు రింగు మీద చేయి పెట్టబోతే "ప్లగ్గు చూపీరా" అంటాడు, వాడు ప్లగ్గు ఎత్తి చూపిస్తే గానీ ముట్టుకోనీడు.

బామ్మర్దీ, నీకు 1 హెచ్‌పీ చాలు. వైరు మాత్రం నేల మీద కాకుండా పై నుంచి దిగేటట్టు, ప్లగ్గు కడిగే బల్ల పక్కకు అందేటట్టు వేయించుకో. ఆదివారం నేనే వస్తా, మొదటిసారి ఇద్దరం కలిసి విప్పుదాం.